మూడో నంబరు చొక్కా

లాండ్రీకి వచ్చే మూటల్లో ఒక్కదాన్ని మాత్రం లాండ్రీ ఆయన ఎవర్నీ ముట్టుకోనివ్వడు. హోటలు దుప్పట్లు ఎవరు విప్పినా ఒకటే, ఆసుపత్రి గౌన్లు ఎవరు నానబెట్టినా ఒకటే. సోమవారం పొద్దున్నే క్లబ్బు స్టోర్‌కీపరు మోసుకొచ్చే ఫుట్‌బాల్ జట్టు సంచి మాత్రం ఆయన చేత్తోనే విప్పాలి. ఎప్పుడైనా భార్య తొందరపడి తాడు లాగిందంటే ఇక ఆ పూటంతా ఇంట్లో మాటల్లేవు.

పోనీ విప్పగానే ఉతుకుతాడా అంటే, అదీ లేదు. ఒక్కో చొక్కా తీసి బల్ల మీద పరుస్తాడు. నుదుటి మీదున్న కళ్ళజోడు ముక్కు మీదికి దించుతాడు. ఎక్కడ బురద, ఎక్కడ పచ్చిక పసరు, ఏ కుట్టు తెగింది, ఏ మోచెయ్యి అరిగింది, అంతా చూశాక గానీ తొట్టిలో వెయ్యడు. ఆదివారం స్టాండులో కూర్చుని చూసిన మ్యాచిని సోమవారం బల్ల మీద ఇంకోసారి చూస్తాడన్నమాట.

"గోల్‌కీపరు మళ్ళీ కుడివైపే పడ్డాడే," అన్నాడు ఆ సోమవారం, ఎండిన మట్టిని గోటితో గీకుతూ. "ఎడమ భుజం ఇంకా తగ్గలేదు. కోచ్‌కి చెప్పడు, పేపరువాళ్ళకి చెప్పడు. నాకు చెప్పేశాడు చూడు!"

"మీకు చెప్పి ఏం లాభం? మీరెళ్ళి బంతి పట్టుకుంటారా?" అంది భార్య ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి. ఆవిడకి ఫుట్‌బాల్ అంటే బురద, బురదంటే చాకిరీ. అంతకు మించి ఆ ఆటతో ఆవిడకి పేచీ లేదు.

ఆయన ఇంకో చొక్కా అందుకున్నాడు. వాదించే స్థితిలో లేడు పాపం. నిన్న సొంత మైదానంలోనే జట్టు ఓడిపోయింది. ఇంక రెండే మ్యాచిలున్నాయి, ఒకటి వాన వల్ల వాయిదాపడి ఈ బుధవారానికి వచ్చింది, రెండోది ఆదివారం. పట్టికలో అడుగున ఉన్న రెండు జట్లూ కింది డివిజనుకి దిగిపోతాయి. మన జట్టు ఆ రెంటిలో ఒకటి. పక్క ఊరి జట్టు ఆమధ్య అలాగే దిగింది. మళ్ళీ లేవలేదు. వాళ్ళ మైదానంలో ఇప్పుడు కార్లు నిలుపుకుంటున్నారు. ఆ దారిన వెళ్ళాల్సివస్తే లాండ్రీ ఆయన తల అటు తిప్పడు.

సంచి అడుగున మూడో నంబరు చొక్కా తగిలింది. ఎడమవైపు కాపలా కాసే డిఫెండరుది. తీసి పరిచాడు. ఎప్పటిలాగే తెల్లగా ఉంది. మోకాళ్ళ దాకా బురదలో మ్యాచి జరిగితే ఈ మనిషి చొక్కాకి నాలుగు మసక మచ్చలు తప్ప ఏమీ లేవు.

వానలు మొదలైన దగ్గర్నుంచీ ఇదే వరస. మొదట్లో ఆయనకి వింతగా ఉండేది. తర్వాత చిరాకు పుట్టింది. ఓ ఆదివారం స్టాండులో పక్క సీటు కండక్టరుతో నోరు జారాడు. "ఆ మూడో నంబరున్నాడే, మనం వేసిన ఇస్త్రీ నలక్కుండా ఆడి వస్తాడు బావా. ఇస్త్రీబాబు వాడు!" అన్నాడు. అది నవ్వులాటకి అన్న మాటే. కానీ పక్కనున్నది సిటీ బస్సులో వెనకసీటు దాకా వినిపించేలా టిక్కెట్టు అడిగే గొంతు. హాఫ్‌టైమ్‌కల్లా స్టాండంతా అదే పేరు. ఆనాటి నుంచి మూడో నంబరు కాలికి బంతి తగిలితే చాలు, "ఇస్త్రీబాబూ, మడత జాగ్రత్త!" అని వందల గొంతులు లేస్తున్నాయి. తను పెట్టిన పేరు అంతమంది నోట వినపడుతుంటే లాండ్రీ ఆయనకి కొంచెం గర్వంగానే ఉండేది. అబద్ధమెందుకు?

"చూడు, చూడు," అన్నాడిప్పుడు చొక్కా ఎత్తి పట్టుకుని. "జట్టు మునుగుతుంటే దొరగారు ఒడ్డున నించున్నారు."

భార్య ఇస్త్రీపెట్టె నిలబెట్టి వచ్చింది. చొక్కా అందుకుని, ముఖం చిట్లించి, "ఇది తడిగా ఎందుకుంది?" అంది.

"చెమట."

"చెమటైతే పరిగెత్తినట్టేగా?"



ఆవిడ చొక్కాని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఒంటిసబ్బు వాసన. మీ దొరగారి చెమట సబ్బు వాసన వస్తుందా ఏంటి?" అంటూ అంచు మడత తిరగేసి, కుట్టు వెంట గోరు నడిపింది. ముద్దముద్దగా నల్లటి మట్టి గోట్లోకి వచ్చింది. "ఇదిగో. ఎవరో ఉతికారు దీన్ని. ఉతకడం రానివాళ్ళు ఉతికారు. మట్టిని ఎండనిచ్చి దులపాలి, ఆ తర్వాతే నీళ్ళు. తడి మీద రుద్దితే ఇలాగే కుట్లలోకి దూరిపోతుంది. వానలు మొదలైన దగ్గర్నుంచీ ఈ ఒక్క చొక్కా కుట్లు తోమలేక నా వేళ్ళు ఊడిపోతున్నాయి. బట్ట పాడైందేమో అనుకున్నా."

"మరి నాకు చెప్పలేదే?"

"మీరు సంచి ముట్టనిస్తేగా! మీరు చూసి తొట్టిలో పడేశాకే కదా నా చేతికొచ్చేది."

లాండ్రీ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

*

మంగళవారం మధ్యాహ్నం ఉతికిన సంచి తనే భుజాన వేసుకుని మైదానానికి బయల్దేరాడు. "స్టోర్‌కీపరు వస్తాడుగా," అంది భార్య. "నడిస్తే ఒంటికి మంచిది," అన్నాడు. ఆవిడ నవ్వాపుకుని తలుపు తీసింది.

ప్రాక్టీసు అయిపోయింది. ఆటగాళ్ళు ఒక్కరొక్కరే గేటు వైపు వెళ్తున్నారు. సంచి స్టోర్ గదిలో దించి, ఎవరూ చూడకుండా లాండ్రీ ఆయన డ్రెస్సింగ్ రూమ్ వెనక్కి తొంగిచూశాడు. గోడ వారగా ఒక కుళాయి, కింద సిమెంటు గట్టు. ఆ గట్టు మీద గొంతుక్కూర్చుని మూడో నంబరు బనీను రుద్దుతున్నాడు. దగ్గర్నుంచి చూస్తే ఎంత, పాతికేళ్ళు కూడా ఉండవు. అరిగిపోయిన ఒంటిసబ్బు ముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని తడి మట్టి మీద గట్టిగా తోముతున్నాడు. భార్య చూస్తే అక్కడే చెవి మెలిపెట్టేది.

"ఏం బాబూ, మా పొట్ట కొడుతున్నావా?" అన్నాడు లాండ్రీ ఆయన. ఏదో ఒకటి అనాలి కదా.

కుర్రాడు ఉలిక్కిపడి లేచాడు. "లాండ్రీ బాబాయ్ మీరేనా? స్టోరాయన చెప్పేవాడు మీ గురించి," అని తడిచెయ్యి నిక్కరుకి తుడుచుకున్నాడు. "అలవాటు బాబాయ్. చిన్నప్పుడు బురద బట్టలతో వస్తే మా అమ్మ గడప దాటనిచ్చేది కాదు. బయటే ఉతుక్కుని, పిండుకుని, అప్పుడు లోపలికి రమ్మనేది. ఇప్పటికీ బురద ఒంటిమీదుంటే ఎవరో తిడతారేమో అనిపిస్తుంది. ఇక్కడ మీ ఇంట్లోవాళ్ళకైనా ఎందుకీ కంపంతా?"

"మా ఆవిడకా?"

"మ్యాచయ్యాక ఎలా ఉంటాయో నాకు తెలుసుగా. కొంచెమైనా తగ్గుతుందని."

లాండ్రీ ఆయనకి నవ్వు రాబోయి ఆగిపోయింది. ఈ సాయం వల్ల అక్కడ ఆవిడ వేళ్ళు ఊడిపోతున్నాయని చెప్పాలా? ఇంకోటి చెప్పాలా? ఆ ఇంకోటి నాలుక చివరిదాకా వచ్చింది.

"మీరు స్టాండులోనే కూర్చుంటారు కదా?" కుర్రాడే అడిగాడు. "ఒకటి చెప్పండి. నన్ను ఇస్త్రీబాబు అంటారెందుకు? మొదట్లో మంచి పేరే అనుకున్నాను. నీటుగా ఉంటానని పెట్టారేమో అనుకుని చెయ్యి కూడా ఊపాను. ఇంకా పెద్దగా అరిచారు." ఒక్క క్షణం కుళాయి వైపు చూశాడు. "కోచ్ అంటున్నాడు, నీకు బంతొస్తే జనం గోల, ఆ గోలకి జట్టంతా బెదిరిపోతోంది, ఇలాగైతే ఆదివారం బయట కూర్చోబెడతానని. నేనేం చేశానో తెలిస్తే మానేస్తాను కదా బాబాయ్."

"తెలీదు బాబూ," అన్నాడు లాండ్రీ ఆయన. "జనం కదా, ఏదో అంటారు."

దారి పొడుగునా ఆ మాటే ఆయన చెవుల్లో మోగింది. ముఖం చెల్లక చెప్పిన అబద్ధం, అందులోనూ చేతకాని అబద్ధం. చొక్కా మీద గీత పడితే ఆరా తీసే మనిషి, మనిషిని మాత్రం ఒక్క ముక్క అడగకుండా ఇన్నాళ్ళు ఎలా ఊరుకున్నాడో ఆయనకే బోధపడలేదు.

*

బుధవారం మ్యాచికి వెళ్ళి ఒక విచిత్రమైన పని చేశాడు. బంతిని చూడటం మానేశాడు.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ బంతి ఎటు పోతే మెడ అటు పోయిన మనిషికి ఇది ఎంత కష్టమో చెప్పనలవి కాదు. జనం "ఓ" అంటే మెడ దానంతటదే లాగేది. పళ్ళు బిగించి మూడో నంబరు మీదే కళ్ళు పెట్టాడు. మొదటి పది నిమిషాలూ ఏమీ అర్థం కాలేదు. ఈ కుర్రాడు బంతి లేని చోటికి పరిగెత్తుతున్నాడు. చెయ్యి ఊపి తన జట్టువాణ్ణి ఎవర్నో వెనక్కి రమ్మంటున్నాడు. మళ్ళీ ఇంకో చోటికి పరిగెత్తుతున్నాడు. అవతలి జట్టువాడు ఆ వైపు తిరిగి, ఎదురుగా ఇతన్ని చూసి, బంతిని ఇంకోవైపు తన్నేస్తున్నాడు. అప్పుడు వెలిగింది. బంతి రావలసిన చోటికి ఇతను ముందే వెళ్ళి నించుంటున్నాడు. అందుకే బంతి రావడం లేదు. బంతిని చూసేవాళ్ళకి ఇతను కనిపించకపోవడంలో వింతేముంది?

"ముందుకు జరగండి సార్, ముందు ఖాళీ ఉంది!" కండక్టరు ఫార్వర్డ్‌ల మీద అరుస్తున్నాడు. ఉన్నట్టుండి మూడో నంబరుకి బంతి అందింది. "ఇస్త్రీబాబూ, మడత!" అన్నాడు వెంటనే. వెనక స్టాండంతా అందుకుంది.

"ఊరుకో బావా," అన్నాడు లాండ్రీ ఆయన.

"ఏం? నువ్వేగా చెప్పింది?"

"చెప్పాను. ఇప్పుడు ఊరుకోమంటున్నాను."

"నువ్వు చెప్పినప్పుడు అరవడానికి, వద్దన్నప్పుడు మానెయ్యడానికి నేనేమన్నా నీ రేడియోనా?" అన్నాడు కండక్టరు. అంతలో ఆ గోలకి తడబడ్డ కుర్రాడు బంతిని నేరుగా అవతలివాడి కాళ్ళకి ఇచ్చేశాడు. గోల్‌కీపరు నొప్పి భుజం మీదే దూకి ఎలాగో ఆపాడు. హాఫ్‌టైమ్ తర్వాత మూడో నంబరు మళ్ళీ మైదానంలోకి రాలేదు. స్టాండు చప్పట్లు కొట్టింది. ఒక్క లాండ్రీ ఆయన చేతులు మాత్రం ఒళ్ళోనే ఉండిపోయాయి.

మ్యాచి డ్రా అయింది. అంటే ఆదివారం గెలిస్తే డివిజనులో ఉంటాం, లేకపోతే లేదు.

చివరి విజిలుకి ముందే ఆయన కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. అనుకున్నట్టే కుర్రాడు చొక్కా విప్పి గట్టు మీద పెట్టాడు. కుళాయి తిప్పబోతున్నాడు.

"ఆగు. ఉతక్కు. అలాగే ఇచ్చెయ్యి."

"ఛీ, ఎలా ఉందో చూడండి బాబాయ్..."

"చూడటానికే కదా అడుగుతున్నది," అన్నాడు లాండ్రీ ఆయన.

*

గురువారం పొద్దున లాండ్రీ ముందు తీగ మీద ఒకే ఒక్క చొక్కా వేలాడింది. తెల్లచొక్కా అని ముందే తెలిసినవాళ్ళకి తప్ప తెలియదు. ఛాతీ నుంచి అంచు దాకా బురద పెచ్చులు కట్టింది. భుజం మీద పచ్చిక పసరు. వీపు మీద అంకె సగమే కనిపిస్తోంది.

"మతి గానీ పోయిందా?" అంది భార్య. "లాండ్రీ ముందు మురికిబట్ట ఆరేస్తారా ఎవరైనా? ఇక మన కొట్టుకి బట్టలెవరు వేస్తారు?"

"ఆదివారం దాకా ఉండనీ."

"దేనికి?"

లాండ్రీ ఆయన చెప్పాడు. పేరు పెట్టింది ఎవరో, ఎందుకో, కుళాయి దగ్గర తను ఏమన్నాడో, అంతా చెప్పాడు. ఆవిడ ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడే విన్నది. తర్వాత బయటికెళ్ళి, వీపు కొట్టు వైపుకి ఉన్న చొక్కాని అంకె రోడ్డు వైపుకి వచ్చేలా తిప్పి క్లిప్పులు పెట్టి వచ్చింది.

కండక్టరు బస్సు ఆ వీధినే పోతుంది. మొదటి ట్రిప్పులోనే ఫుట్‌బోర్డు మీంచి చూసి, విజిలు వేసి బస్సాపి, దిగి వచ్చాడు.

"ఇదేంటి బావా, కొట్టు మూసేస్తున్నావా?"

"మూడో నంబరుది. నిన్నటిది."

"సగం మ్యాచే ఆడాడు కదా! సగానికే ఇంత బురదా?"

"ప్రతి వారం ఇంతే. మా ఆవిడకి కష్టమని తనే కడిగి పంపేవాడు. నేను చూసింది కడిగిన చొక్కా. చూసి నీకు చెప్పాను."

కండక్టరు చొక్కా చుట్టూ తిరిగి చూశాడు. వేలితో పెచ్చు తాకాడు. అది విరిగి కింద పడింది. "అయితే నువ్వు చెప్పింది తప్పా?"

"తప్పే."

"నేను అరిచిందీ?"

"అదీ."

బస్సులోంచి డ్రైవరు హారన్ కొట్టాడు. కండక్టరు కదల్లేదు. "నా గొంతుతో అరిపించావు కదయ్యా," అన్నాడు మెల్లగా. అంత మెల్లగా మాట్లాడటం ఆయనకి వచ్చని లాండ్రీ ఆయనకి అప్పుడే తెలిసింది. "ఆ కుర్రాడు నాకేసి చెయ్యి ఊపాడు ఒకసారి. నేను ఇంకా పెద్దగా అరిచాను."

ఇంకేమీ అనకుండా వెళ్ళి బస్సెక్కాడు. కానీ ఆ రోజు నుంచి శనివారం దాకా, ఆ బస్సు ఎన్ని ట్రిప్పులు వేస్తే అన్నిసార్లు లాండ్రీ ముందు ఆగింది. అక్కడ స్టాపు లేదు. "ఎడమవైపు చూడండి, ఎడమవైపు!" అని లోపల్నుంచి గొంతు వినిపించేది. కిటికీల్లో తలలు వరసగా ఇటు తిరిగేవి.

*

శనివారం రాత్రి భార్య దులిపి ఉతికిన మూడో నంబరు చొక్కాని కూడా సంచిలో వేసుకుని, ఆదివారం మ్యాచికి ముందు లాండ్రీ ఆయన స్టోర్ గదిలో దించి కుర్రాడిని బయటికి పిలిచాడు. నీళ్ళు నమలకుండా చెప్పేద్దామని దారంతా అనుకుంటూ వచ్చాడు. తీరా నోరు తెరిచాక నీళ్ళు నమిలాడు.

"ఆ పేరు పెట్టింది నేను బాబూ. చొక్కా శుభ్రంగా వస్తోంది, ఆడటం లేదనుకున్నాను. మొన్న అడిగితే తెలీదన్నాను. అదీ అబద్ధమే."

కుర్రాడు వంగి బూటు తాడు బిగించుకున్నాడు. కోపమొచ్చిందో, ఏడుపొచ్చిందో తెలియలేదు.

"ఒక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ణి కదా బాబాయ్," అన్నాడు.

అంతే అన్నాడు. లోపలికి వెళ్ళబోతూ ఆగి, "నేనుతికితే ఆవిడకి పని తగ్గిందా మరి?" అని అడిగాడు.

ఇక అబద్ధం ఆడే ఓపిక లేదు లాండ్రీ ఆయనకి. "పెరిగింది. మట్టి ఎండనివ్వాలి," అన్నాడు. కుర్రాడి ముఖంలో మొదటిసారి నవ్వులాంటిది కనిపించి పోయింది.

కోచ్ అన్నంతా చేశాడు. మూడో నంబరు బెంచీ మీదే కూర్చున్నాడు. అతని చోట దిగినవాడు బాగానే పరిగెత్తాడు, కాకపోతే బంతి వెనకాల పరిగెత్తాడు. ఆ ఎడమవైపు నుంచే గోలు పడింది. స్టాండు చల్లబడిపోయింది. అప్పుడు కండక్టరు లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"మూడో నంబరూ! ఎక్కాలి, ఎక్కాలి!"

ఒక నిమిషం ఆయనొక్కడే. తర్వాత బస్సులో చొక్కా చూసినవాళ్ళు లేచారు. చూడనివాళ్ళకి చూసినవాళ్ళు చెప్పారు. హాఫ్‌టైమ్‌కల్లా స్టాండంతా "మూడో నంబరు, మూడో నంబరు" అని బల్లలు వాయిస్తోంది. ఇస్త్రీబాబు అన్న మాట ఒక్క నోటా రాలేదు. కోచ్ స్టాండుకేసి అనుమానంగా చూశాడు, ఇది ఎగతాళో నిజమో తేల్చుకోలేనట్టు. చివరికి కుర్రాడి భుజం తట్టాడు.

ఆ సగం ఎడమవైపు నుంచి ఒక్క దాడి కూడా సాగలేదు. స్టాండులో వందల మెడలు మొదటిసారి బంతి లేని చోటికి తిరిగి చూస్తున్నాయి. అతను మోకాలి లోతు బురదలో జారుతూ ఆపిన బంతే ముందుకెళ్ళి గోలయింది. సమం! ఇంకొక్కటి చాలు. లాండ్రీ ఆయన కండక్టరు చెయ్యి ఎప్పుడు పట్టుకున్నాడో తెలియదు. ఆఖరి నిమిషంలో కెప్టెన్ కొట్టిన బంతి గోలు కర్రకి తగిలి, గీత వెంట దొర్లి, బయటికి పోయింది.

విజిలు మోగింది. జట్టు దిగిపోయింది.

ఎవరూ ఇంటికి కదల్లేదు. లాండ్రీ ఆయనకి ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఆకాశం విరిగి పడుతుందని ఏడాదంతా భయపడ్డాడు. చూస్తే మబ్బు అలాగే ఉంది, గోలు కర్ర అలాగే ఉంది, గీత దగ్గర మూడో నంబరు బోర్లా పడి ఉన్నాడు. కింది డివిజనులో కూడా ఇతను ఇలాగే పరిగెత్తుతాడా అన్న ఆలోచన, ఏడుపు మధ్యలోనే, ఆయనకి వచ్చింది. చూడాలనిపించింది.

*

సోమవారం పొద్దున స్టోర్‌కీపరు సంచిని మొయ్యలేక ఈడ్చుకుంటూ వచ్చాడు. గడప మీద నీటి చార పడింది.

"నన్ననొద్దు బాబూ," అన్నాడు ముందే. "మ్యాచయ్యాక ఒక్కడూ ఇంటికి పోనన్నాడు. ఏం చెయ్యాలో తెలీక అందరూ కుళాయి దగ్గర చేరారు. కెప్టెను, గోల్‌కీపరు, అందరూ. ఒకే సబ్బుముక్క. వద్దర్రా, తడి మీద రుద్దకూడదని ఆ కుర్రాడు మొత్తుకుంటూనే ఉన్నాడు. వింటేగా!"

లాండ్రీ ఆయన తాడు దగ్గరికి చెయ్యి పోనిచ్చి, ఆగి, పక్కకి జరిగాడు. "నువ్వే విప్పు," అన్నాడు భార్యతో.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి తాడు లాగింది. చొక్కాలన్నీ తడిముద్దలై ఉన్నాయి, అన్నీ ఒంటిసబ్బు వాసన. ఒకదాని అంచు తిరగేసి గోటితో గీకి, నెత్తి కొట్టుకుంది. "అయ్యో, అన్నిటికీ కుట్లనిండా మట్టే! వీళ్ళని పుట్టించిన తల్లులు ఏమైపోయారో గానీ!"

అడుగున వేరే కవరులో ఒక చొక్కా విడిగా ఉంది. తీసి దులిపింది. పొడిగా, పెళుసుగా, కొయ్యలా బిగిసిపోయింది. మట్టి పెచ్చులు బల్లంతా రాలాయి. వీపు మీద మూడో అంకె.

"ఇదీ పద్ధతంటే," అంది ఆవిడ.

లాండ్రీ ఆయన కళ్ళజోడు దించుకోలేదు. మరకలు చూడలేదు. గోడకున్న బ్రష్షు తీసుకుని, ఆ చొక్కాతో వెళ్ళి గడప అవతల కూర్చున్నాడు.